నందినిలో ఒక ఆవిరి కథ: గాలి ఓడ, ఇత్తడి గణకం, మాట వినని అమ్మాయి

స్టీమ్‌పంక్ నవలల్లో ఆవిరితో ఓడలు ఎగురుతాయి, పళ్ల చక్రాలు లెక్కలు కడతాయి, పదహారేళ్ల అమ్మాయి ఇంజను నడుపుతుంది. వీటిలో ఏది సాధ్యం, ఏది అసాధ్యం? భిలాయి ఉక్కు నగరం పక్కనున్న నందిని నుంచి మొదలుపెట్టి లెక్క వేసి చూద్దాం.

పదహారేళ్ల అమ్మాయి. చేతిలో పానా, నుదుటి మీదికి తోసిన కళ్లజోడు, మోచేతుల దాకా గ్రీజు. ఇంట్లో పెళ్లి సంబంధం చూస్తున్నారని తెలిసి, రాత్రికి రాత్రే గోడ దూకి, బొగ్గుతో నడిచే గాలి ఓడ ఎక్కేసింది. ఇంజను గదిలో బొగ్గు వేసే కుర్రాడికి ఆమెను చూస్తే మొదట చిరాకు, తరవాత బెరుకు, ఆ తరవాత ఇష్టం. వెనక తరుముతున్న వాళ్లు, ముందు కమ్ముకొస్తున్న తుపాను. బాయిలరులో నీళ్లు అడుగంటుతున్నాయి. కెప్టెన్ వద్దంటున్నా వినకుండా ఆ పిల్ల వాల్వు మీద చెయ్యి వేసింది...

ఇది ఏ ఒక్క నవలలోని ఘట్టమూ కాదు. కానీ స్టీమ్‌పంక్ కథలు చదివే పిల్లలెవరైనా దీన్ని ఇట్టే గుర్తుపడతారు. పెట్రోలు ఇంజన్లు, ఎలక్ట్రానిక్స్ రాకముందే మనిషి ఆవిరితోనే విమానాలు, కంప్యూటర్లు, మరమనుషులు తయారు చేసుకుని ఉంటే లోకం ఎలా ఉండేది? ఈ ఊహ మీద నడిచేవే స్టీమ్‌పంక్ కథలు. ఆ పేరును 1987లో అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ సరదాగా పెట్టాడు. కథలు మాత్రం అంతకు వందేళ్ల ముందు నుంచే ఉన్నాయి. ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ 1880లో రాసిన 'ఆవిరి ఇల్లు' నవల జరిగేది మన దేశంలోనే. ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు ఒకటి చక్రాల ఇళ్లను లాక్కుంటూ కలకత్తా నుంచి ఉత్తర భారతం మీదుగా సాగుతుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆయన మరో నవలలో, ఒక భారతీయ బేగం వదిలిపోయిన ఆస్తితో అమెరికాలో ఏకంగా ఒక ఉక్కు నగరమే వెలుస్తుంది.

ఇటీవలి కాలంలో ఈ కథలు ఎక్కువగా టీనేజి పిల్లల కోసం వస్తున్నాయి. వాటిలో చాలా చోట్ల ముందు నిలబడేది ఒక మొండి పిల్ల. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ 2009 నాటి 'లెవయథన్'లో డెరిన్ అనే అమ్మాయి మగపిల్లాడి వేషంలో వైమానిక దళంలో చేరుతుంది. గెయిల్ క్యారిగర్ 2013లో మొదలుపెట్టిన నవలల వరుసలో పద్నాలుగేళ్ల సొఫ్రోనియా చదివే బడి నేల మీద ఉండదు, గాలి ఓడలో తేలుతుంటుంది.

ఈ కథలు ఎక్కువగా లండన్ పొగమంచులోనో, యూరప్ ఆకాశంలోనో జరుగుతాయి. తెలుగు పిల్లలకు ఒక స్టీమ్‌పంక్ కథ రాయాలంటే అంత దూరం పోనక్కర లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా, భిలాయికి సుమారు 20 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న నందిని చాలు. భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇచ్చే గని అక్కడుంది. చిన్న రన్‌వే కూడా ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు భిలాయిలో ఎన్నో ఉన్నాయి. రాయి, బొగ్గు, నిప్పు, ఆవిరి, ఆకాశం అన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి. ఇక కావలసింది ఆ అమ్మాయే.

వంద కోట్ల ఏళ్ల రాయి

కథ గనిలో మొదలవుతుంది కాబట్టి ముందు రాయి సంగతి చూద్దాం. ఇప్పుడు సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఛత్తీస్‌గఢ్ మైదానం ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. ఇక్కడి సున్నపురాయి ఆ సముద్రపు అడుగున పేరుకున్నదే. దాని వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. అప్పటికి చెట్లు లేవు, చేపలు లేవు. నీళ్లలో ఉన్నవి ఎక్కువగా కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి పొరలు పొరలుగా పెరిగి కట్టిన గుట్టలను స్ట్రోమటోలైట్లు అంటారు. కోసిన రాయిలో అవి ఉల్లిపాయ పొరల్లా, ఒకదాని మీద ఒకటి బోర్లించిన గిన్నెల్లా కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ సున్నపురాయిలో ఇవి భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా తెలిసినవే.

ఉక్కు కర్మాగారానికి ఈ రాయితో పనేమిటి? ఇనుప ఖనిజంలో ఇనుముతో పాటు ఇసుక, బంకమట్టి లాంటి మలినాలు ఉంటాయి. అవి అంత తేలిగ్గా కరగవు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే అది సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి ఒక టన్ను కాలిస్తే 560 కిలోల సున్నం మిగులుతుంది, 440 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. మిగిలిన సున్నం ఇసుకను పట్టుకుని, తేలిగ్గా కరిగే స్లాగ్‌గా మారుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే లోహమలం అంటారు. స్లాగ్ ఇనుము కంటే తేలిక. కాబట్టి కరిగిన ఇనుము మీద, కాగిన పాల మీద మీగడలా తేలుతుంది. దాన్ని వేరుగా వంచేస్తారు. చల్లార్చి పొడి చేసిన స్లాగ్ సిమెంటులోకి పోతుంది.

అంటే మన కథలోని అమ్మాయి గని అంచున కూర్చుని కాళ్లు ఊపుతున్న ఆ గట్టు, ఒకప్పుడు సూక్ష్మజీవులు కట్టిన కాలనీ అన్నమాట. ఇంత వింతను ఏ రచయితా కల్పించనక్కర లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

ఆవిరికి ఆ బలం ఎక్కడిది?

ఇడ్లీ పాత్ర మూత టకటకలాడటం మనం రోజూ చూసేదే. ఒక లీటరు నీళ్లు మామూలు వాతావరణ పీడనంలో మొత్తం ఆవిరైతే దాదాపు 1,600 నుంచి 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరిని గట్టి పాత్రలో బంధిస్తే బయటికి రావడానికి గోడల్ని తోస్తుంది. ఆ తోపుతో ఒక పిస్టన్‌నో, టర్బైన్ రెక్కల్నో కదిలించడమే ఆవిరి యంత్రం చేసే పని.

ఇబ్బంది ఎక్కడంటే, నీటిని ఆవిరి చేయడం చాలా ఖర్చుతో కూడిన పని. ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 293 కిలోజౌళ్ల వేడి చాలు. అదే 100 డిగ్రీల దగ్గర ఆ నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చడానికి ఇంకో 2,257 కిలోజౌళ్లు కావాలి. అంటే కాచడానికి పెట్టిన దాని కంటే ఏడున్నర రెట్లకు పైగా. దీన్నే గుప్తోష్ణం అంటారు. పాత రైలింజను వాడిన ఆవిరిని పొగగొట్టం గుండా బయటికి వదిలేసేది. దానితో పాటు ఈ వేడీ పోయేది. అందుకే బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా చక్రాలకు చేరేది కాదు. 1769లో పేటెంటు పొందిన జేమ్స్ వాట్ గొప్పతనం ఆవిరిని కనిపెట్టడంలో లేదు. ఆవిరిని వేరే పాత్రలో చల్లబరిచి, వేడి సిలిండరును మాటిమాటికీ చల్లారనివ్వకుండా చూడటంలో ఉంది.

కథలో బాయిలరు నీళ్లు అడుగంటినప్పుడు అమ్మాయి ఎందుకంత కంగారు పడిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వాతావరణ పీడనానికి పది రెట్ల పీడనంలో నీరు దాదాపు 180 డిగ్రీల దాకా మరగదు. ఆ స్థితిలో బాయిలరు గోడ పగిలిందంటే, లోపలి నీటిలో సుమారు ఏడో వంతు క్షణంలో ఆవిరై వందల రెట్లు వ్యాకోచిస్తుంది. అదే బాయిలరు పేలుడు. నీటిమట్టం తగ్గితే నిప్పుకు ఎదురుగా ఉన్న లోహపు పలక వేడెక్కి మెత్తబడుతుంది. అందుకే పాత బాయిలర్లలో తేలిగ్గా కరిగే లోహంతో ఒక బిరడా పెట్టేవారు. నీళ్లు తగ్గగానే అది కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి హెచ్చరించేది. కథలో ఉత్కంఠ కావలసిన రచయితకు ఈ ఒక్క బిరడా చాలు.

ఆవిరి యుగం ముగిసిపోయిందని మనం అనుకుంటాం. కానీ భిలాయిలో అది ఇవాళ్టికీ నడుస్తోంది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో మొదలైన ఈ కర్మాగారంలో, తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. బ్లాస్ట్ అంటే ఊదడం. ఒక టన్ను ఇనుము తీయాలంటే ఫర్నేస్‌లోకి టన్నుకు పైగా గాలిని ఊదాలి. ఆ గాలి ఊదే భారీ బ్లోయర్లను తిప్పేవి ఆవిరి టర్బైన్లు. ఫర్నేస్ నుంచి, కోక్ ఓవెన్ల నుంచి వచ్చే వాయువులనే మండించి ఆ ఆవిరి తయారు చేస్తారు. అంటే కొలిమి తన ఊపిరితో తన తిత్తిని తానే ఊదుకుంటోంది. దేశంలోని థర్మల్, అణు విద్యుత్ కేంద్రాల్లోనూ చివరికి జనరేటరును తిప్పేది ఆవిరే. మన ఫోన్ ఛార్జింగులో ఎక్కువ భాగం ఆవిరి పుణ్యమే.

ఓడ ఎగురుతుందా?

ఎగురుతుంది, ఎగిరింది కూడా. 1852 సెప్టెంబరు 24న ఫ్రెంచ్ ఇంజనీరు ఆన్రీ జిఫార్ 44 మీటర్ల పొడవైన వాయు సంచికి 3 అశ్వశక్తి ఆవిరి యంత్రాన్ని వేలాడదీసి, పారిస్ నుంచి సుమారు 27 కిలోమీటర్లు ప్రయాణించాడు. వేగం గంటకు పది కిలోమీటర్ల లోపే. నిప్పురవ్వలు పైనున్న వాయువుకు తగలకుండా పొగగొట్టాన్ని కిందికి వంచాడు. ఎదురుగాలిని తట్టుకుని వెనక్కి రాగల శక్తి ఆ యంత్రానికి లేకపోయింది.

అలాంటి ఓడను నందిని రన్‌వే మీద నుంచి లేపాలంటే? గాలి ఓడను పైకి లేపేది ఉత్ప్లవన బలం. సంచి ఎంత గాలిని పక్కకు నెడుతుందో, ఆ గాలి బరువుకు సమానమైన తోపు పైకి పనిచేస్తుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి ఒక ఘనపు మీటరుకు సుమారు 1.07 కిలోలు తూగుతుంది. అదే సంచిలో హైడ్రోజన్ అయితే 0.08 కిలోల లోపే. తేడా దాదాపు ఒక కిలో. అంటే ఒక టన్ను బరువు లేపాలంటే వెయ్యి ఘనపు మీటర్ల హైడ్రోజన్ కావాలి. గుండ్రటి సంచి అనుకుంటే అది నాలుగంతస్తుల మేడంత ఎత్తు. డిసెంబరు తెల్లవారుజామున పది డిగ్రీల చలిలో గాలి చిక్కబడుతుంది, అదే సంచి పదో వంతు ఎక్కువ బరువు మోస్తుంది. కాబట్టి తెలివైన అమ్మాయి మే నెల మిట్టమధ్యాహ్నం పారిపోదు. చలికాలం, తెల్లారకముందే బయల్దేరుతుంది.

అసలు చిక్కు ఇంధనంలో ఉంది. 3 అశ్వశక్తి యంత్రం, సామర్థ్యం 5 శాతం అనుకుంటే గంటకు సుమారు 6 కిలోల మంచి బొగ్గు కావాలి. ఆ బొగ్గు గంటకు దాదాపు 40 లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. ఐదు గంటల ప్రయాణానికి బొగ్గు 30 కిలోలే, నీళ్లు మాత్రం 200 కిలోలు. ఆవిరి ఓడను నేల మీద కట్టిపడేసింది బొగ్గు కాదు, నీళ్లు. వాడిన ఆవిరిని చల్లబరిచి మళ్లీ వాడుకోవచ్చు, కానీ ఆ చల్లబరిచే గొట్టాలకూ బరువుంటుంది.

హైడ్రోజన్ పక్కన నిప్పు పెట్టుకోవడం చావుతో చెలగాటమే. మండని వాయువు ఒకటి ఉంటే? ఉంది, దాని కథలో తెలుగు నేలకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులు పెట్టుకుని సూర్యుడి అంచును చూశారు. ఆ ఏడాది జరిగిన పరిశీలనల్లో కనిపించిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఇంగ్లండులో దాన్ని పరిశీలించిన లాక్యర్, అది కొత్త మూలకానిదని తేల్చాడు. అదే హీలియం. భూమి మీద దాన్ని వేరుచేయడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. హైడ్రోజన్‌తో పోలిస్తే హీలియం సుమారు 93 శాతం బరువు లేపుతుంది, మండదు. మన కథానాయిక ఓడ నందిని నుంచి గుంటూరు వైపు సాగడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది!

ఇత్తడి గణకం

స్టీమ్‌పంక్‌లో తప్పనిసరిగా ఉండే మరో వస్తువు పళ్ల చక్రాల కంప్యూటరు. ఇదీ ఊహ కాదు. 1, 4, 9, 16, 25 అనే వర్గాలు తీసుకోండి. పక్కపక్క సంఖ్యల మధ్య తేడాలు 3, 5, 7, 9. ఆ తేడాల మధ్య తేడా ఎప్పుడూ 2. కాబట్టి గుణకారం రాకపోయినా, ఒట్టి కూడికలతో వర్గాల పట్టిక ఎంత దూరమైనా రాసుకుంటూ పోవచ్చు. 9కి 2 కలిపితే 11, 25కి 11 కలిపితే 36. కూడిక చేయడం పళ్ల చక్రాలకు తేలిక. ఇంగ్లండుకు చెందిన చార్లెస్ బాబేజ్ ఈ సూత్రంతోనే 'డిఫరెన్స్ ఇంజన్' రూపొందించాడు. ఆయన బతికుండగా అది పూర్తి కాలేదు. రెండో నమూనా చిత్రాల ప్రకారం లండన్ సైన్స్ మ్యూజియం వారు లెక్కించే భాగాన్ని 1991లో కట్టి చూపించారు. చేతితో పిడి తిప్పితే అది తప్పు లేకుండా లెక్క చేసింది. అచ్చు వేసే భాగంతో కలిపి దానిలో సుమారు 8,000 విడిభాగాలు, బరువు 5 టన్నులు. ఓడ మీద ఎక్కించాలంటే నందినిలో 5,000 ఘనపు మీటర్ల హైడ్రోజన్ దానికొక్కదానికే కావాలి!

బాబేజ్ తరవాత తలపెట్టిన మరింత పెద్ద యంత్రానికి ఒక లెక్క ఎలా అప్పగించాలో 1843లో అంచెలంచెలుగా రాసి ప్రచురించింది ఏడా లవ్‌లేస్. బాబేజ్‌ను మొదటిసారి కలిసినప్పుడు ఆమెకు పదిహేడేళ్లు. ఆమె కోటీశ్వరుల ఇంటి బిడ్డ. యూనివర్సిటీ మాత్రం ఆమెకు తలుపు తీయలేదు. ఇంట్లోనే చదువుకుంది.

ఇక్కడిదాకా లెక్క చూస్తే ఆవిరి, ఓడ, గణకం మూడూ కష్టమే కానీ అసాధ్యం కాదు. ఇక నాలుగోది, ఆ అమ్మాయి.

మద్రాసులో అచ్చయిన కల

1905లో బెంగాలుకు చెందిన రుకయా హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే చిన్న కథ ఇంగ్లీషులో రాసింది. కలలో ఒక దేశం. అక్కడ మగవాళ్లు ఇంటి పట్టున ఉంటారు, ఆడవాళ్లు యూనివర్సిటీలు నడుపుతారు. ఒక యూనివర్సిటీ వాళ్లు గొట్టాలు తగిలించిన బెలూనుతో మేఘాల నుంచి నీళ్లు దించుతారు. ఇంకో యూనివర్సిటీ వాళ్లు ఎండ వేడిని పోగుచేసి వంటకు, చివరికి యుద్ధానికీ వాడతారు. గాలిలో ఎగిరే బండికి హైడ్రోజన్ గోళాలు ఉంటాయి. స్టీమ్‌పంక్ అన్న మాట పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందే ఒక భారతీయ మహిళ ఆ కోవ కథ రాసేసిందన్నమాట. ఆవిరి బదులు ఎండను ఎంచుకోవడంలో ఆమె మిగిలిన వాళ్ల కంటే ముందే ఉంది.

ఆ కథ మొదట అచ్చయింది కలకత్తాలో కాదు, మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. 1901లో ఆ పత్రికను స్థాపించి నడిపిన కమలా సత్యనాథన్ రాజమండ్రికి చెందిన తెలుగు కుటుంబంలో పుట్టింది. ఆడవాళ్లు నడిపే ఎగిరే బండికి అచ్చులో మొదటి చోటు ఇచ్చింది ఒక తెలుగు సంపాదకురాలు.

జమాల్‌పూర్‌లో ఒక తెలుగమ్మాయి

కథలో సరే, నిజంగా ఒక అమ్మాయి ఇంజన్ల షెడ్డులోకి ఎప్పుడు అడుగుపెట్టింది? ఈ ప్రశ్నకు జవాబు అయ్యలసోమయాజుల లలిత జీవితంలో దొరుకుతుంది. 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి చేశారు. పద్దెనిమిదేళ్లకు భర్త పోయాడు. చేతిలో నాలుగు నెలల పాప శ్యామల. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయికి లోకం చూపించే దారి ఒక్కటే, ఇంట్లో ఒక మూల. లలిత ఆ మూలన కూర్చోనంది. డాక్టరు చదువైతే వేళాపాళా ఉండదు, పాపను చూసుకోవడం కష్టమని ఇంజనీరింగు ఎంచుకుంది.

తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాల్‌తో, విద్యాశాఖ అధికారులతో మాట్లాడి ఆమెకు సీటు ఇప్పించారు. అంతమంది మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే. కూతురు హాస్టల్లో ఒంటరిగా ఉందని ఆయన ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని ప్రకటన ఇప్పించారు. దాంతో లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగులో చేరారు. త్రేసియా తరవాత కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయింది. డిగ్రీ పత్రాల్లో అచ్చులో ఉన్న 'అతడు' అన్న మాట కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది. అచ్చు వేసిన వాళ్లకు అలాంటి అవసరం వస్తుందని తోచనే లేదు.

చదువులో భాగంగా లలిత బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసింది. 1862లో మొదలైన ఆ వర్క్‌షాపు ఆవిరి ఇంజన్లకు పుట్టిల్లు. ఒక్కసారి ఊహించండి. బాయిలర్ల రొద, నిప్పు, గ్రీజు, చుట్టూ అందరూ మగవాళ్లు. మధ్యలో ఇరవై దాటిన ఒక తెలుగు వితంతువు కొలతలు తీస్తోంది. స్టీమ్‌పంక్ నవల అట్ట మీద వేసే బొమ్మ కంటే ఇదే గొప్పది, ఎందుకంటే ఇది జరిగింది. తరవాత ఆమె సిమ్లాలో ప్రమాణాల సంస్థలో, తండ్రి పరిశోధనల్లో, ఆపైన కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేసింది. విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల రూపకల్పన ఆమె పని. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సమావేశానికి హాజరైంది. 1979లో కన్నుమూసింది.

ఆమె కథలో ఓడ ఎక్కి పారిపోవడం లేదు. తండ్రి తోడు, పుట్టింటి వాళ్లు చూసుకునే పాప, పట్టుదల ఉన్నాయి. మొండితనం అంటే ఎప్పుడూ గోడ దూకడమే కానక్కర లేదు.

నడుస్తున్న యంత్రం, దూరం పెట్టిన చెయ్యి

మళ్లీ నందినికి వద్దాం. మన కథ 1959లో, తొలి ఫర్నేస్ మండిన ఏడాది జరుగుతుందనుకుందాం. అమ్మాయి తిరుగుతున్న ఇంజనుకు నూనె వేయబోతుంది. అప్పుడు ఆమెను ఆపేది పొగరుబోతు కెప్టెన్ కాదు, చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ ప్రకారం నడుస్తున్న ప్రధాన యంత్రాన్ని తుడవడం, నూనె వేయడం, సర్దడం ఆడవాళ్లు చేయకూడదు. అదే నిషేధం పిల్లలకూ ఉంది. 66వ సెక్షన్ రాత్రి పని వద్దంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భ గనిలోకి దిగనివ్వలేదు. పైన పనికైనా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకానే అనుమతి.

ఇవన్నీ భద్రత పేరుతో వచ్చినవే. ఆ రోజుల్లో గనుల్లో, మిల్లుల్లో ఆడవాళ్లు పడ్డ కష్టాలు నిజమైనవే. కానీ ఫలితం ఇంకోలా పరిణమించింది. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనుల్లో చేత్తో తవ్వే కాలంలో ఆడవాళ్లు వేల సంఖ్యలో పనిచేశారు. ఆయన గునపం పడితే ఆమె తట్ట మోసేది. తట్ట మోయడం ప్రమాదమని ఎవరూ అనలేదు. యంత్రాలు వచ్చాక తట్ట పోయింది, తట్టతో పాటు ఆమె పనీ పోయింది. యంత్రం మీటలు చాలావరకు మగవాళ్ల చేతికే వచ్చాయి. యంత్రం ఎవరి బరువు దించుతుంది, ఎవరి పని లాక్కుంటుంది అన్నది ఇంజను సామర్థ్యం అంత ముఖ్యమైన లెక్కే.

మార్పు మెల్లగా వచ్చింది. 2019 జనవరిలో కేంద్రం గనుల చట్టంలోని ఆ నిబంధనను సడలించింది. రాతపూర్వక సమ్మతి, భద్రత ఏర్పాట్లు ఉంటే ఉపరితల గనుల్లో రాత్రిళ్లు, సాంకేతిక, పర్యవేక్షక బాధ్యతల్లో పగటిపూట భూగర్భంలోనూ మహిళలు పనిచేయవచ్చు. తెలంగాణకు చెందిన సంధ్య రసకట్ల భూగర్భ గనుల్లో మేనేజరు స్థాయికి చేరిన తొలి భారతీయ మహిళల్లో ఒకరు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్, సమ్మతి, భద్రత ఏర్పాట్ల షరతుతో అన్ని రకాల పనులూ మహిళలకు తెరిచింది. చట్టం తలుపు తీసింది. లోపల మరుగుదొడ్డి, రాత్రి బస్సు, సరైన కొలత భద్రత బూట్లు ఉన్నాయా లేదా అన్నది ఇప్పుడు చూడాల్సిన లెక్క.

కాబట్టి మన స్టీమ్‌పంక్ లెక్క ఇలా తేలింది. గాలి ఓడ 1852లోనే ఎగిరింది. ఇత్తడి గణకం కాగితం మీద 1849కే సిద్ధం. ఎగిరే బండి ఉన్న ఆడవాళ్ల దేశం 1905లో మద్రాసులో అచ్చయింది. నడుస్తున్న ఇంజను మీద నిశ్చింతగా చెయ్యి వేయగల అమ్మాయికి మాత్రం అన్నిటి కంటే ఎక్కువ కాలం పట్టింది. ఆమెను ఆపింది భౌతిక శాస్త్ర నియమం ఏదీ కాదు.

నందినిలో తవ్వకం పూర్తయిన చోట్ల ఇప్పుడు మొక్కలు నాటి అడవి పెంచుతున్నారు. వంద కోట్ల ఏళ్ల రాయి పక్కన కొత్త చెట్లు లేస్తున్నాయి. భిలాయి సెక్టార్లలో పదో తరగతి చదువుతున్న తెలుగు పిల్ల ఎవరైనా ఈ కథ రాయాలనుకుంటే, పైన ఇచ్చిన అంకెలన్నీ వాడుకోవచ్చు. బయల్దేరే ముందు నీళ్లు మాత్రం సరిచూసుకోవాలి. గంటకు 40 లీటర్లు.